మా ఇంట్లో అగూటి

మా పాపకి నాలుగేళ్ళు నిండేదాకా తన ముద్ద తాను నోట్లో పెట్టుకున్నట్టు నాకు గుర్తు లేదు. పెట్టుకోనిస్తే కదా! ముద్దలు కలిపి పెట్టే పని నాది, నోరు తెరిచే పని దానిది. అమెరికాలో మేముండే ఫ్రిస్కోలో, మా ఇళ్ళ మధ్య ఉన్న పార్కుకి సాయంత్రం పూట వస్తే ఈ దృశ్యం ఎవరికైనా కనిపిస్తుంది. జారుడుబల్ల కింద ఒక తెలుగు తల్లి స్టీలు గిన్నెతో నిలబడి ఉంటుంది. పిల్లాడు సర్రున జారి వచ్చి, నోరు తెరిచి, ముద్ద అందుకుని, మళ్ళీ మెట్లెక్కుతాడు. బెంచీల మీద కూర్చున్న అమెరికన్ తల్లులు కాఫీ తాగుతూ, ఇదేదో సర్కస్ విద్య అన్నట్టు చూస్తారు.

పోయిన ఆగస్టులో పాపని స్కూల్లో ప్రీ-కే క్లాసులో వేశాం. అదే నెలలో నాకు ఇక్కడ పని చేసుకోవచ్చని కార్డు వచ్చింది. పెళ్ళయి ఈ దేశం వచ్చాక మొట్టమొదటిసారి ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. నవంబర్‌లో చేరాలి. నేను చేరాలంటే పాప సాయంత్రం దాకా స్కూల్లో ఉండాలి. ఉండాలంటే మధ్యాహ్నం తన చేత్తో తాను తినాలి. అంతే. లోకంలో పిల్లలందరూ ఏ హడావిడీ లేకుండా చేసే పని. నా ఉద్యోగమూ నా నిద్రా రెండూ దానికే వేలాడుతున్నాయి.

మొదటిరోజు బాక్స్ పెట్టింది పెట్టినట్టే తిరిగి వచ్చింది. టీచర్ నన్ను పక్కకి పిలిచి, పాపకి గొంతు నొప్పేమైనా ఉందా అని అడిగింది.

"లేదే, ఎందుకు?"

"లంచ్ టైమ్‌లో బాక్స్ ముందు పెట్టుకుని నోరు తెరుచుకుని కూర్చుంది. ఎంతసేపైనా మూయలేదు. టార్చ్ వేసి చూశాను. గొంతు బాగానే ఉంది."

నోరు తెరిస్తే ముద్ద రావడం మా పాపకి తెలిసిన ప్రకృతి ధర్మం. పాపం, ధర్మం తప్పింది స్కూల్ వాళ్ళే.

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట నేనే కార్ వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. పాపని బయటికి తెచ్చుకుని, కార్ సీట్లో కూర్చోబెట్టి, ఏసీ వేసి, గిన్నెడు పెరుగన్నం ముద్ద మిగలకుండా తినిపించి, మూతి తుడిచి మళ్ళీ లోపల అప్పగించేదాన్ని. కొన్నాళ్ళు చూసి స్కూల్ డైరెక్టర్ మర్యాదగానే చెప్పింది. పిల్లలందరూ కలిసి తినే వేళ ఒక్కరిని రోజూ ఇలా బయటికి తీసుకెళ్ళడం కుదరదట. పాప ఇంకా సిద్ధంగా లేకపోతే మధ్యాహ్నం వరకే ఉంచుకుంటారట. మధ్యాహ్నం వరకే అంటే నా ఉద్యోగం లేనట్టే.

"ఆకలేస్తే అదే తింటుందిలేవే," అన్నారు మా ఆయన.

"మీకు మీ అమ్మగారు ఎప్పటిదాకా పెట్టారేంటి?"

"ఏదో, మూడో క్లాసు దాకా."

అప్పుడు మా అత్తయ్య కాకినాడ నుంచి వీడియో కాల్‌లో ఉన్నారు. "ఆరో క్లాసు దాకారా! హాస్టల్లో వేశాక అక్కడి వార్డెన్ నిన్ను చూసి నవ్విందంట," అన్నారు. ఆయన వెంటనే వైఫై బాలేదన్నారు.

అక్టోబర్‌లో ఒక శనివారం, నేను ఇంట్లో కూర్చుని బెంగపడుతుంటే చూడలేక, మా ఆయన మమ్మల్ని జూకి తీసుకెళ్ళారు. అక్కడ వానడవి అని ఒక పెద్ద అద్దాల భవనం ఉంది. తలుపు తీసుకుని లోపలికి అడుగు పెట్టగానే నా కళ్ళజోడు మసకేసింది. వెచ్చటి ఆవిరి, తడి ఆకుల వాసన, ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు. "అబ్బ, కాకినాడ వచ్చేశాం," అన్నారు ఆయన చొక్కా కాలర్ వదులు చేసుకుంటూ. జనమంతా తలలెత్తి కొమ్మల్లో కోతుల్ని చూస్తున్నారు. మా పాప పొట్టిది కనుక ఎదురుగా ఉన్నదాన్నే చూసింది. కంచె అవతల, ఆకులు రాలిన నేల మీద, ఎవరూ పట్టించుకోని ఒక జంతువు తిరుగుతోంది.

కుందేలంత ఉంది. చెవులు మాత్రం చిన్నవి, గుండ్రంగా ఉన్నాయి. సన్నటి కాళ్ళు, వేళ్ళ మీద నిలబడి నడిచే నడక, హైహీల్స్ కొత్తగా వేసుకున్న పెళ్ళికూతురిలా. వీపు మీద వెంట్రుకలు ముదురు గోధుమరంగు, వెనకవైపుకి వెళ్ళేసరికి నూనె రాసినట్టు మెరిసే నారింజ రంగు. తోక ఉందా అని వెతికితే ఉంది, పేరుకి.

"ఇది మన పందికొక్కే కదే!" అన్నారు మా ఆయన.

బోర్డు మీద అగూటి అని రాసుంది. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా వానడవుల్లో ఉంటుందట. ఎలుకలూ ఉడతలూ ఉండే వర్గమే, గినీ పిగ్‌కి దగ్గరి చుట్టం.

పైనుంచి ఒక కోతి సగం తిన్న పండు ఏదో కింద పడేసింది. అగూటి పరుగున వచ్చి దాన్ని అందుకుంది. తర్వాత చేసిన పని చూసి మా పాప కంచెకి అతుక్కుపోయింది. అది వెనక కాళ్ళ మీద గొంతుకూర్చుంది. ముందు పాదాలు రెండూ చేతుల్లా చేసుకుని పండు పట్టుకుంది. తిప్పుతూ తిప్పుతూ, పైతోలు పళ్ళతో తీసి పక్కన పడేస్తూ, లోపలి గుజ్జు తినసాగింది. ఎంత శ్రద్ధ! ఎంత శుభ్రం!

అలవాటు కొద్దీ నేను బ్యాగులోంచి డబ్బా తీసి, పప్పన్నం ముద్ద చేసి పాప నోటి దగ్గర పెట్టాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అది మొహం పక్కకి తిప్పుకుంది.

"వద్దు అమ్మా. ఐ యామ్ వాచింగ్."

ఈలోగా అగూటి పండులోని గింజని నోట కరుచుకుని నాలుగడుగులు వేసి, ముందుకాళ్ళతో చకచకా మట్టి తవ్వి, గింజని లోపల పెట్టి, మట్టి కప్పి, పాదాలతో తట్టి, పైన ఒక ఎండుటాకు కూడా లాగి పెట్టింది.

"అమ్మా, అది ఫుడ్‌ని డర్ట్‌లో ఎందుకు పెట్టింది?"

"తర్వాత తినడానికి."

"టుమారో?"

"రేపో ఎల్లుండో. పళ్ళు దొరకనప్పుడు."

"వాళ్ళ అమ్మ పెట్టదా?"

నేను ముద్ద పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా ఆయన అటు తిరిగి కోతుల్ని చూడసాగారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఆ సాయంత్రం వంటింట్లో కీరా దోసకాయ తరుగుతుంటే పాప వచ్చి, నేల మీద గొంతుకూర్చుని, రెండు చేతులూ చాచింది. నోరు తెరవలేదు, చేతులు చాచింది! ఒక ముక్క పెట్టాను. దాన్ని రెండు చేతులతో మూతి దగ్గర పట్టుకుని, తిప్పుతూ తిప్పుతూ, తొక్క నా వంటింటి నేల మీద ఉమ్ముతూ, మొత్తం తినేసింది. నేను చాకు కింద పెట్టేసి మా ఆయన్ని సైగలతో పిలిచాను. ఇద్దరం ఫ్రిజ్ వెనక నక్కి, అడవిలో పెద్దపులిని చూస్తున్నవాళ్ళలా ఊపిరి బిగబట్టి చూశాం.

"కదలకండి," అన్నాను.

"నేను కదలట్లేదు, నువ్వే నా కాలు తొక్కుతున్నావు."

ఆ వారాంతమంతా మా ఇల్లు వానడవి అయిపోయింది. క్యారెట్ ముక్క, దోసె చుట్ట, ఆపిల్, దేన్నయినా సరే గొంతుకూర్చుని రెండు చేతులతో తింటుంది. బల్ల దగ్గర తినదు. ఎవరైనా చూస్తే తినదు. చూశామంటే ఠక్కున ఆగి, పాదంతో నేల మీద దబదబా కొడుతుంది. అగూటి ప్రమాదం పసిగడితే అలాగే నేల కొడుతుందని, వెనక వెంట్రుకలు విప్పార్చుకుని పెద్దగా కనబడుతుందని నేనే చదివి వినిపించాను. దాంతో పాప తన గౌను కుచ్చిళ్ళు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నా మీదికి వచ్చేది. మా ఆయన కూడా గొంతుకూర్చుని జంతికలు తిన్నారు. అగూటీలు జంటగా బతుకుతాయని, ఏళ్ళ తరబడి ఒకే తోడుతో ఉంటాయని చెబితే, "అయితే లేచి చాయ్ పెట్టు నా తోడూ," అన్నారు. మోకాళ్ళు పట్టేసి తనే లేవలేకపోయారు.

పాప పడుకున్నాక నేను ఫోన్‌లో ఆ జంతువు గురించే చదువుతుండేదాన్ని. బెంగ ఉన్న మనిషికి ఏదో ఒకటి తెలుసుకుంటూ ఉంటే కాస్త ఊరట. ఆ అడవుల్లో బ్రెజిల్ నట్ అని ఒక మహావృక్షం ఉందట. దాని కాయ పెంకు మన కొబ్బరి చిప్ప కన్నా మొండిది, దాన్ని పళ్ళతో తొలిచి తెరవగల అతి కొద్ది జంతువుల్లో అగూటి ఒకటి. తిన్నన్ని తిని మిగిలిన గింజల్ని ఒక్కోటీ ఒక్కోచోట పాతుతుంది. ఒకటి పాతిన గింజని ఇంకొకటి దొంగిలించి వేరేచోట పాతుతుంది, దాన్ని చూసి మూడోది. ఎవరికీ గుర్తు లేని గింజ మొలిచి చెట్టవుతుంది. ఆ మహావృక్షాల్లో కొన్ని వీటి మతిమరుపు వల్ల లేచి నిలబడ్డవే.

ఒక సంగతి మాత్రం రెండుసార్లు చదివాను. అగూటి పిల్ల ఒంటినిండా వెంట్రుకలతో, కళ్ళు తెరుచుకునే పుడుతుంది. పుట్టిన కాసేపటికే పరుగెత్తుతుంది. తల్లి దాన్ని చిన్న చిన్న బొరియల దగ్గరికి తీసుకెళ్తుంది. పిల్ల తనకి సరిపడేది చూసుకుని లోపలికి దూరుతుంది. ఆ కన్నం ఎంత ఇరుకంటే శత్రువే కాదు, తల్లి కూడా లోపలికి వెళ్ళలేదు. బయట నిలబడి పిలుస్తుంది. పిల్ల బయటికొచ్చి పాలు తాగి మళ్ళీ లోపలికి పోతుంది.

"చూశారా," అన్నాను, "నేను చేసిందీ ఇదే. బయట నిలబడి పిలిచి పెట్టడం. అడవిలో ఎవరూ తప్పు పట్టట్లేదు."

"ఎన్నాళ్ళు పిలుస్తుందట?"

"కొన్ని నెలలు."

"మన దానికి నాలుగేళ్ళు," అని ఆయన దుప్పటి ముసుగేసుకున్నారు.

సోమవారం బాక్స్‌లో బటన్ ఇడ్లీలు పెట్టాను. కారప్పొడి, నెయ్యి పట్టించి, పాప చేతుల్లో ఇమిడేంత చిన్నవి. మధ్యాహ్నం స్కూల్‌కి వెళ్ళలేదు. వెళ్ళకుండా ఉండటానికి గరాజ్ మొత్తం సర్దాను. సాయంత్రం బాక్స్ తెరిచి చూస్తే ఖాళీ! అడుగున కాస్త పొడి తప్ప ఏమీ లేదు. పార్కింగ్ లాట్‌లో పాపని ఎత్తుకుని గిరగిరా తిప్పాను. మంగళవారం ఖాళీ. ఆ వారమంతా ఖాళీ. నా కాళ్ళు నేల మీద ఆగలేదు. అత్తయ్యకి ఫోన్ చేసి పందికొక్కు పుణ్యమా అని అన్నీ తినేస్తోందని చెబితే, "పందికొక్కుని చూడ్డానికి టికెట్ కొనుక్కుని వెళ్ళారా!" అని ఆవిడ అక్కడే ఆగిపోయారు.

ఇక్కడే నేను తొందరపడ్డాను. మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నం, ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాల్లో జరుగుతుంది. పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకి చేసిన మేలు ఏదైనా ముందుకొచ్చి మైకులో చెబుతారు. ఒకరు గ్రీన్‌కార్డు గురించి చెప్పారు, ఒకరు గుండె ఆపరేషన్ గురించి. తర్వాత నేను లేచాను. మా ఆయన నా చీర కొంగు పట్టుకుని ఆపబోయారు గాని ఆగలేదు.

"నా బిడ్డ ఈ వారమంతా తన చేత్తో తానే తింది. బాక్స్ ఖాళీగా తెచ్చింది. దేవునికి స్తోత్రం," అన్నాను.

గ్రీన్‌కార్డుకి కూడా రానంత పెద్ద "స్తోత్రం" వచ్చింది హాల్లో. ముఖ్యంగా తల్లుల వరసల్లోంచి. భోజనాల దగ్గర నన్ను చుట్టేశారు.

"ఏం పెట్టావమ్మా బాక్స్‌లో?"

"బటన్ ఇడ్లీ ఆంటీ, కారప్పొడి."

"మావాడికి ఏడేళ్ళు. నేను పెట్టకపోతే పస్తే. ఆ పొడి కొలతలు వాట్సాప్‌లో పెట్టు."

"ఏమేస్తివి అక్కా ఆ పొడిల?" అంది వరంగల్ నుంచి వచ్చిన స్నేహితురాలు. "మా పోరికి సుత పెడతా. జెర మాక్కూడ సాక్ష్యం దొరకాలె కదా!"

పొడిలో ఏమీ లేదని, అంతా అగూటి మహిమ అని చెప్పలేక, కొలతలు పెట్టాను.

రెండు రోజులకి స్కూల్ నుంచి ఫోన్. ఒకసారి త్వరగా రాగలరా అన్నారు. వెళ్తే డైరెక్టర్, టీచర్ ఇద్దరూ నన్ను వెనక ఆవరణలోకి తీసుకెళ్ళారు. అక్కడ పిల్లలు భోజనం చేసే బల్లలు, వాటి పక్కన పిల్లలే గింజలు వేసిన చిన్న మడి. మడి చుట్టూ టేపు కట్టేసి ఉంది. ఎర్రచీమలు పట్టాయట. ఎందుకు పట్టాయా అని తవ్వి చూశారట.

టీచర్ చిన్న పార తీసుకుని ఒకచోట మట్టి తీసింది. ఇడ్లీ. జానెడు దూరంలో ఇంకోచోట తీసింది. ఇడ్లీ. కారప్పొడి చెక్కుచెదరలేదు.

"మేం ముల్లంగి వేశాం," అంది టీచర్. "ఇవి వచ్చాయి."

"ఏ రెండూ ఒకేచోట లేవు," అంది డైరెక్టర్ చాలా గంభీరంగా. "మేం అడగాలనుకున్నది, ఇది మీ సంప్రదాయంలో భాగమా? అయితే మేం గౌరవిస్తాం. కాకపోతే చీమల వల్ల..."

నాకు నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. ఆపుకోబోతే ఇంకా ఎక్కువైంది. ముల్లంగి మడి గట్టు మీద కూర్చుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాను. అగూటి అని చెప్పబోయి, చెప్పలేక, రెండు చేతులూ మూతి దగ్గర పెట్టుకుని చూపించాను. టీచర్‌కి అర్థమైనట్టుంది, తను కూడా నవ్వడం మొదలుపెట్టింది. అంతలోనే నా నవ్వు ఆగిపోయింది. ఇడ్లీలన్నీ మట్టిలో ఉంటే, వారం రోజులుగా నా బిడ్డ ఏం తిన్నట్టు? ఆకలితో ఉందా? దాని మీద నేను మైకు పట్టుకుని సాక్ష్యం కూడా చెప్పానా?

పాపని పిలిపించి మోకాళ్ళ మీద కూర్చున్నాను. కోపంగా అడగలేదు, అడిగే ఓపిక లేదు.

"ఇడ్లీలు ఎందుకు పాతావు తల్లీ?"

"తర్వాతకి."

"నువ్వు ఏమీ తినలేదా?"

పాప నన్ను వింతగా చూసింది. "తిన్నా! బెల్లీ ఫుల్ అయింది. మిగిలినవి హైడ్ చేసా. అగూటీ అలానే చేస్తది కదా. యూ సెడ్."

నేను టీచర్ వైపు చూశాను. "తింటుంది," అంది తను. "రోజూ చూస్తున్నాను. బల్ల కింద గొంతుకూర్చుని, రెండు చేతులతో. తిన్నాకే లేచి వెళ్తుంది. ఆటకి వెళ్తుందనుకున్నాం. నిజం చెప్పాలంటే, ఈ వయసు పిల్లకి మీరు పెట్టే లంచ్ ఇద్దరికి సరిపోతుంది."

ఇద్దరికి! మళ్ళీ మడి గట్టు మీద కూర్చుని మనసులో లెక్క వేసుకున్నాను. కార్లో నేను ముద్ద మిగలకుండా కుక్కిన పెరుగన్నం, పార్కులో వెంటపడి పెట్టిన పప్పన్నం, ఇంకొక్కటి నాన్నకి, ఇంకొక్కటి తాతయ్యకి అంటూ తోసిన ముద్దలు. వాటిలో సగం దాని పొట్టకి అక్కర్లేనివే. అవి పాతిపెట్టడానికి దానికి ఇన్నాళ్ళూ చోటు దొరకలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే సోఫాలోంచి కిందికి జారి మరీ నవ్వారు. "సాక్ష్యం వెనక్కి తీసుకునే పద్ధతేమైనా ఉందా?" అన్నారు. పాస్టరమ్మ గారికి ఫోన్ చేశాను. ఆవిడ మొత్తం విన్నారు. ఫోన్ పక్కన పెట్టి నవ్వుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. "తినడమైతే తిందిగా అమ్మా. ఏమీ తీసుకోనక్కర్లేదు. కానీ ఆ పొడి కొలతలు నాకూ పంపించు," అన్నారు.

మర్నాటి నుంచి బాక్స్‌లో సగమే పెట్టాను. సగం పెట్టడం ఎంత కష్టమో రాసి చెప్పలేను. మూత పెట్టబోయి, ఇంకొకటి వేసి, తీసి, మళ్ళీ వేస్తుంటే, మా ఆయన నా చేతిలోంచి బాక్స్ లాక్కునేవారు. మిగిలినవి మట్టిలో కాదు, బాక్స్‌లోనే దాచాలని, చీమలకి వేరే చోట అన్నం ఉందని పాపకి చెప్పాను. పాప చాలాసేపు ఆలోచించి, బాక్స్ కూడా బొరియేనా అని అడిగింది. అవునన్నాను.

నవంబర్‌లో ఉద్యోగంలో చేరాను. మొదటిరోజు మధ్యాహ్నం ఆఫీసులో నా చేతులు ఊరికే ఉండలేక, టిష్యూ పేపర్‌ని చిన్న చిన్న ఉండలుగా చుట్టాయి. ఫోన్ మోగలేదు. ప్రతి కొద్దిసేపటికీ తీసి చూశాను, అయినా మోగలేదు. సాయంత్రం అయ్యీ అవగానే స్కూల్‌కి ఎలా డ్రైవ్ చేశానో నాకే తెలియదు.

పాప పరుగెత్తుకొచ్చి, బ్యాగ్ నా మీద పడేసి, తన స్నేహితురాలికి పాదం ఎలా కొట్టాలో నేర్పించడానికి వెనక్కి పరుగెత్తింది. నేను కార్ పక్కన నిలబడే బాక్స్ తెరిచాను. ఆ రోజు పంచదార చల్లిన చపాతీ చుట్ట పెట్టాను. నిండుగానూ లేదు, ఖాళీగానూ లేదు. సగం చుట్ట ఉంది. కొరికిన చోట చిన్న చిన్న పంటిగాట్లు వరసగా, స్పష్టంగా ఉన్నాయి. ఒక పన్ను కాస్త వంకర, అది మా పాపదే.

ఎండ ఇంకా ఉంది. అటూ ఇటూ చూసి, ఆ సగం చుట్ట అక్కడే నిలబడి తినేశాను.